కంపెనీ ఈమెయిల్ సర్వర్: అప్‌గ్రేడ్, నిర్వహణపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కంపెనీల మెయిల్ నడిపే ఎక్స్ఛేంజ్ సర్వర్ అనే సాఫ్ట్‌వేర్‌లో 2016, 2019 సంచికలు రెండింటికీ మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సొంత సర్వర్ మీద కంపెనీ మెయిల్ నడుపుకుంటున్న పాఠకుల నుంచి ఈ విషయమై చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. మొదటి ప్రశ్న చాలామందిది కాబట్టి దాని జవాబు పెద్దదైంది.

ప్రశ్న: మా కంపెనీలో 420 మెయిల్‌బాక్సులతో ఎక్స్ఛేంజ్ 2016 సర్వర్ ఒక్కటే ఉంది. అది విండోస్ సర్వర్ 2012 ఆర్‌2 మీద నడుస్తోంది. దాని మీదనే ఎక్స్ఛేంజ్ కొత్త సంచిక అయిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ ఎక్కించవచ్చా? పని మొత్తం ఒక్క ఆదివారంలో ముగించాలని యాజమాన్యం అంటోంది. మెయిళ్లు పోకుండా ఎలా చేయాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అదే మెషీన్ మీద ఎక్కించడం కుదరదు. సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ 2025 జులై 1న విడుదలైంది. ఎక్స్ఛేంజ్ 2019లో 14వ లేదా 15వ క్యుములేటివ్ అప్‌డేట్ (అంతవరకు వచ్చిన మార్పులన్నీ కలిపి ఇచ్చే పెద్ద అప్‌డేట్) దాకా వచ్చినవారు మాత్రమే, మామూలు అప్‌డేట్ వేసినంత సులువుగా, ఉన్న సర్వర్ మీదనే దాన్ని వేసుకోగలరు. 2016 వాడుతున్న మీరు కొత్త మెషీన్ మీద కొత్త ఎక్స్ఛేంజ్‌ను విడిగా పెట్టి, రెండింటినీ కొంతకాలం పక్కపక్కన నడిపి, మెయిల్‌బాక్సులను అటు తరలించి, చివరకు పాతదాన్ని పద్ధతి ప్రకారం తొలగించాలి. విండోస్ సర్వర్ 2012 ఆర్‌2కు కూడా 2023 అక్టోబరు 10తోనే మద్దతు పోయింది కాబట్టి, ఆ మెషీన్‌ను నిలబెట్టుకోవాలన్న ఆలోచనను ఎలాగూ వదులుకోవలసిందే.

ఇక ఆదివారం మాట. మెయిల్ ఆగిపోతుందేమోనన్న భయంతోనే మీ యాజమాన్యం ఆ షరతు పెట్టి ఉంటుంది. ఆ భయానికి ఆధారం లేదని మీరు వారికి వివరించాలి. మెయిల్‌బాక్స్ తరలుతున్నంతసేపూ ఉద్యోగి మామూలుగానే మెయిల్ చదువుతూ, పంపుతూ ఉండవచ్చు. చివరి దశలో మహా అయితే ఔట్‌లుక్‌ను ఒకసారి మూసి తెరవమని అడుగుతుంది. సర్వర్ కొన్ని గంటలు ఆగినా బయటి నుంచి వచ్చే మెయిల్ పోదు. అవతలి సర్వర్ దాన్ని వరుసలో ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులపాటు ప్రయత్నించాలని మెయిల్ ఒక సర్వర్ నుంచి మరొకదానికి చేరే పద్ధతిని నిర్ణయించే ఎస్‌ఎంటీపీ ప్రమాణమే చెబుతోంది. అందువల్ల ఈ పనికి నాలుగు నుంచి ఆరు వారాలు అడగండి. ఒక్క రోజులో ముగించాలన్న తొందరలో, ఏది తప్పిందో వెనక్కి చూసుకునే వ్యవధి మీకు మిగలదు.

అన్నిటికంటే ముందు బ్యాకప్‌ను పరీక్షించండి. నేను పనిచేసిన ఒక కంపెనీలో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ప్రతి రాత్రీ పని విజయవంతంగా ముగిసిందని నివేదిక పంపేది. అది వర్చువల్ మెషీన్ మొత్తాన్ని కాపీ చేసేదే గాని, ఎక్స్ఛేంజ్‌కు తెలియజేసి చేసే బ్యాకప్ కాదు. డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ ఎక్స్ఛేంజ్ ముందుగా ఒక్కో ఎంబీ పరిమాణం గల లాగ్ ఫైళ్లలో రాసుకుంటుంది. సరైన పూర్తి బ్యాకప్ జరిగాకనే పాత లాగ్‌లను తొలగిస్తుంది. ఆ కంపెనీలో అవి ఒక్కటీ తొలగలేదు. ఒక సోమవారం ఉదయం డిస్కు నిండిపోయి డేటాబేస్ డిస్‌మౌంట్ అయింది, అంటే మెయిల్ ఆగిపోయింది. ఉన్న కాపీని తెచ్చి పెట్టబోతే అది డర్టీ షట్‌డౌన్ స్థితిలో, అంటే కొన్ని మార్పులు లాగ్‌ల నుంచి ఇంకా చేరని స్థితిలో, ఉందని తేలింది. లాగ్‌లన్నిటినీ దానికి కలిపి, డేటాబేస్‌ను మళ్లీ మౌంట్ చేసేసరికి రాత్రి అయింది. ఆ రోజు నేను పడ్డ ఆందోళన మరొకరు పడకూడదనే ఇంత వివరంగా చెబుతున్నాను. మీరు ఇప్పుడే బ్యాకప్‌ను తెరిచి చూడటానికి వాడే ఒక రికవరీ డేటాబేస్ సృష్టించి, నిన్నటి బ్యాకప్‌ను అందులోకి తెచ్చి, ఒక ఉద్యోగి మెయిల్‌బాక్స్ నుంచి ఒక ఫోల్డరును బయటికి తీసి చూడండి. అది జరిగేదాకా తర్వాతి మెట్టు ఎక్కవద్దు.

తర్వాత పాత సర్వర్‌ను 2016లో చివరిదైన 23వ క్యుములేటివ్ అప్‌డేట్‌కు తీసుకురండి. ఉద్యోగుల ఖాతాలను, కంప్యూటర్లను నమోదు చేసి ఉంచే యాక్టివ్ డైరెక్టరీ పనిచేసే స్థాయి (ఫారెస్ట్ ఫంక్షనల్ లెవెల్) కనీసం 2012 ఆర్‌2 అయి ఉండాలి. కొత్త సర్వర్‌ను పెట్టేముందు డైరెక్టరీ స్కీమాను (అందులో ఏ వివరాలు ఉండాలో చెప్పే నమూనాను) విస్తరించవలసి ఉంటుంది. ఒకసారి విస్తరించిన స్కీమాను వెనక్కి తీసుకునే మార్గం లేదు కాబట్టి ఆ డైరెక్టరీని నడిపే డొమైన్ కంట్రోలర్ల సిస్టమ్ స్టేట్ బ్యాకప్ తీసి, వాటి మధ్య రెప్లికేషన్ (ఒకదాని మార్పులు మరొకదానికి చేరడం) లోపం లేకుండా నడుస్తోందని చూసుకున్నాకనే ఆ పని చేయండి. కొత్త మెషీన్‌కు విండోస్ సర్వర్ 2022 లేదా 2025 ఎంచుకోండి. మెయిల్‌బాక్స్ సర్వర్‌కు 128 జీబీ మెమరీ ఉండాలని మైక్రోసాఫ్ట్ సిఫారసు చేస్తోంది. అంతకు తక్కువ ఉన్నా సెటప్ పూర్తవుతుంది; అందుకే చాలామంది అక్కడ పొదుపు చేసి, ఆ తర్వాత వచ్చే నెమ్మదికి కారణం ఎక్కడెక్కడో వెతుకుతుంటారు.

కొత్త సర్వర్ సెటప్‌ను పని వేళల్లో నడపవద్దు. సెటప్ జరుగుతుండగానే అది ఆటోడిస్కవర్ (ఔట్‌లుక్ తన సర్వర్‌ను వెతుక్కునే) చిరునామాగా తన సొంత పేరును యాక్టివ్ డైరెక్టరీలో నమోదు చేసుకుంటుంది. డొమైన్‌లో ఉన్న ఔట్‌లుక్‌లు ఆ నమోదును చూసి కొత్త సర్వర్‌ను అడగడం మొదలుపెడతాయి. అక్కడ ఇంకా మీ అసలు సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపు పత్రం) లేదు కాబట్టి ప్రతి తెర మీదా భద్రతా హెచ్చరిక వస్తుంది. దీనికి పరిష్కారం ఒక్క వాక్యంలో ఉంది: సెటప్ ముగిసిన నిమిషంలోనే ఆదేశాలు టైపు చేసే మేనేజ్‌మెంట్ షెల్ తెరిచి, కొత్త సర్వర్ ఆటోడిస్కవర్ చిరునామాను ఇప్పుడు మీరు వాడుతున్న చిరునామాకే మార్చాలి. ఆ తర్వాత పాత సర్వర్ నుంచి సర్టిఫికెట్‌ను ప్రైవేట్ కీతో సహా ఎగుమతి చేసి కొత్తదానిలో పెట్టి, వెబ్ మెయిల్, ఫోన్లకు మెయిల్ అందించే యాక్టివ్‌సింక్, ఆఫ్‌లైన్ అడ్రస్ బుక్ వంటి వర్చువల్ డైరెక్టరీలన్నిటికీ (సర్వర్‌లో ఒక్కో సేవకు ఉండే వెబ్ చిరునామాలకు) పాత పేర్లనే ఇవ్వండి. ఉద్యోగులు వాడే చిరునామా మారకపోతే వారి ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ మీరు ముట్టుకోవలసినది దాదాపు ఏమీ ఉండదు. 2016కు, సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కు మధ్య అభ్యర్థనలు అటూ ఇటూ మళ్లించుకునే ఏర్పాటు ఉంది కాబట్టి, ఆ పేరును ముందుగా కొత్త సర్వర్ వైపు తిప్పినా, పాతదానిలో ఉన్న మెయిల్‌బాక్సులు ఎప్పటిలాగే తెరుచుకుంటాయి.

ఇక్కడ ఒక కొత్త చిక్కు ఉంది. లాగిన్ వివరాలను మధ్యలో పట్టి వాడుకోకుండా చూసే ఎక్స్‌టెండెడ్ ప్రొటెక్షన్ అనే రక్షణ కొత్త సంచికలో దానంతట అదే అమలులోకి వస్తుంది. మీ ఫైర్‌వాల్ గాని లోడ్ బ్యాలెన్సర్ (సర్వర్ల మధ్య పని పంచే పరికరం) గాని టీఎల్‌ఎస్‌ను, అంటే దారిలో సమాచారాన్ని దాచే గూఢలేఖనాన్ని, మధ్యలోనే విప్పి, ఎక్స్ఛేంజ్‌కు మామూలు హెచ్‌టీటీపీలో పంపుతుంటే లాగిన్‌లు విఫలమవుతాయి. మధ్యలో విప్పి మళ్లీ టీఎల్‌ఎస్‌లోనే పంపే ఏర్పాటైతే రెండు చోట్లా ఒకే సర్టిఫికెట్ ఉండాలి. లాగిన్‌కు పాత ఎన్‌టీఎల్‌ఎం పద్ధతి మొదటి వెర్షన్ వాడే కంప్యూటర్లకు పాస్‌వర్డు పెట్టె పదే పదే వస్తుంటుంది. ఈ రక్షణను తీసివేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. వారి మాట వినవద్దు. అడ్డుగా ఉన్న పరికరాన్ని సరిచేయండి.

మెయిల్‌బాక్సులను తరలించేటప్పుడు మొదట మీ విభాగంలోని ఐదారుగురివి తరలించి రెండు రోజులు చూడండి. ఆ తర్వాత రాత్రికి కొన్ని చొప్పున తరలించండి. తరలే ప్రతి మెయిలూ కొత్త డేటాబేస్‌లో లాగ్‌గా కూడా రాయబడుతుంది కాబట్టి, 200 జీబీ తరలిస్తే సుమారు 2 లక్షల లాగ్ ఫైళ్లు పుడతాయి. ఆ రాత్రి బ్యాకప్ జరిగి అవి తొలగితేనే మర్నాటి విడతకు చోటు ఉంటుంది. అందువల్ల ఒక్క రాత్రి ఎంత తరలించాలన్నది మీ లాగ్ డిస్కులో ఉన్న ఖాళీని బట్టి నిర్ణయించుకోండి. మనుషుల మెయిల్‌బాక్సులు పోగానే పని అయిపోయిందని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఎక్స్ఛేంజ్ తన సొంత పనులకు వాడుకునే ఆర్బిట్రేషన్ మెయిల్‌బాక్సులు, ఆడిట్ లాగ్ మెయిల్‌బాక్సులు, డిస్కవరీ సెర్చ్ మెయిల్‌బాక్స్, పబ్లిక్ ఫోల్డర్లు ఉంటే వాటి మెయిల్‌బాక్సులు కూడా తరలాలి. మామూలు జాబితాలో ఇవన్నీ కనిపించవు, విడిగా అడగాలి.

ఆ తర్వాతిది ఓపికతో చేయవలసిన భాగం. పాత సర్వర్ ఐపీ చిరునామాను నమ్ముకుని మెయిల్ పంపే యంత్రాలు మీకు గుర్తున్నవాటికంటే ఎక్కువ ఉంటాయి: అకౌంట్స్ విభాగంలో టాలీ, మెట్ల పక్కన ఉన్న స్కానరు, హాజరు యంత్రం, యూపీఎస్, సీసీ కెమెరాల రికార్డరు. పాత సర్వర్ రిసీవ్ కనెక్టర్లలో (మెయిల్ లోపలికి తీసుకునే ద్వారాలలో) ప్రోటోకాల్ లాగింగ్ తెరిచి, కనీసం ఒక నెలాఖరు గడిచేదాకా, ఎవరెవరు వచ్చి తలుపు తడుతున్నారో రాసుకోండి. జీతాల చీటీలు నెలకు ఒకసారే కదులుతాయి. ఆ చిరునామాలకు మాత్రమే అనుమతి ఇచ్చే రిలే కనెక్టర్‌ను (ఇతర యంత్రాల మెయిల్‌ను ముందుకు పంపే ద్వారాన్ని) కొత్తదానిలో పెట్టండి. మొత్తం నెట్‌వర్క్‌కు అనుమతి ఇస్తే వైరస్ సోకిన ఒక్క కంప్యూటరు మీ పేరు మీద ఊరంతటికీ స్పామ్ పంపుతుంది. 2019 సంచిక నుంచి ఎక్స్ఛేంజ్ డిఫాల్టుగా కనీసం టీఎల్‌ఎస్ 1.2 వాడుతుంది కాబట్టి, పాత స్కానర్లు కొన్ని అక్కడ ఆగిపోవచ్చు. అలాంటివాటిని లోపలి నెట్‌వర్క్‌లో ఒక చిన్న రిలే ద్వారా నడపడమో, మార్చడమో చేయండి గాని, వాటి కోసం సర్వర్ మొత్తాన్ని టీఎల్‌ఎస్ 1.0 దగ్గరకు దించవద్దు.

మెయిల్ బయటికి పంపే సెండ్ కనెక్టర్లలో మూల సర్వర్‌గా కొత్తదాన్ని పెట్టాక, పాత సర్వర్‌ను వారం పది రోజులు ఆపి ఉంచండి. ఎవరూ ఫిర్యాదు చేయకపోతే మళ్లీ వెలిగించి, ఎక్స్ఛేంజ్‌ను కంట్రోల్ ప్యానెల్ నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. వర్చువల్ మెషీన్‌ను అలాగే డిలీట్ చేస్తే యాక్టివ్ డైరెక్టరీలో దాని ఆనవాళ్లు మిగిలిపోయి, తర్వాతి అప్‌డేట్‌కు అడ్డుపడతాయి. నా లెక్కలో అప్‌గ్రేడ్ ముగిసేది ఈ అన్‌ఇన్‌స్టాల్ పూర్తయిన రోజున. మీ యాజమాన్యానికి ఇచ్చే తేదీ కూడా అదే కావాలి.

ప్రశ్న: సెక్యూరిటీ అప్‌డేట్‌లు రాగానే వేయాలా, ఒక నెల ఆగి వేయాలా? ఒకసారి అప్‌డేట్ వేశాక వెబ్ మెయిల్ ఖాళీ పేజీగా వచ్చింది. అప్పటి నుంచి మా మేనేజరు గారు అప్‌డేట్ అంటేనే వద్దంటున్నారు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ మేనేజరు గారి భయం అర్థం చేసుకోదగినదే గాని, ఆగడం వల్ల వచ్చే నష్టం అంతకంటే పెద్దది. 2021 మార్చి 2న మైక్రోసాఫ్ట్ నాలుగు లోపాలకు అత్యవసర ప్యాచ్‌లు విడుదల చేసింది. ప్రాక్సీలాగాన్ అని పేరుపడినది వీటిలోదే. పాస్‌వర్డు ఏదీ లేకుండానే, వెబ్ మెయిల్ వాడే 443 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే చాలు, సర్వర్‌లోకి ప్రవేశించే వీలు ఆ లోపాల వల్ల కలిగింది. విడుదలైన కొద్ది రోజుల్లోనే ప్రపంచమంతటా వేల సర్వర్లలో వెబ్ షెల్‌లు పెట్టారు. వెబ్ షెల్ అంటే దుండగుడు మళ్లీ రావడానికి వదిలి వెళ్లే దొడ్డిదారి. ప్యాచ్ తలుపును మూస్తుంది గాని, అప్పటికే లోపల ఉన్నవాడిని బయటికి పంపదు. ఒక నెల ఆగి ప్యాచ్ వేసిన సంస్థలు సర్వర్ సురక్షితమైందని నమ్మి, ఆ దొడ్డిదారితోనే బతికాయి.

కాబట్టి సెక్యూరిటీ అప్‌డేట్‌లను వారంలోపు వేయండి. క్యుములేటివ్ అప్‌డేట్‌లకు రెండు మూడు వారాలు ఆగి, పరీక్షా సర్వర్ మీద చూసి వేయవచ్చు. మీకు వచ్చిన ఖాళీ పేజీ బాగా తెలిసిన సమస్య. అప్పట్లో అప్‌డేట్ ఉన్న ఎంఎస్‌పీ ఫైలు మీద రెండుసార్లు నొక్కి వేస్తే నిర్వాహక హక్కులు లేకుండా నడిచేది. కొన్ని సేవలు ఆగవు, కొన్ని ఫైళ్లు మారవు, పొరపాటు జరిగినట్టు సందేశం కూడా రాదు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్ నుంచి మళ్లీ వేస్తే సరిపోతుంది. వేసిన ప్రతిసారీ సర్వర్ స్థితిని తనిఖీ చేసే మైక్రోసాఫ్ట్ వారి హెల్త్ చెకర్ స్క్రిప్టును నడిపి, ఆ నివేదికను మీ మేనేజరు గారి ముందు ఉంచండి.

అప్‌డేట్‌లు అసలు తప్పే చేయవని నేను అనడం లేదు. 2022 జనవరి 1న ఎక్స్ఛేంజ్ 2016, 2019 సర్వర్లలో మెయిళ్లు ఒక్కసారిగా వరుసల్లో నిలిచిపోయాయి. మాల్వేర్ తనిఖీ ఇంజిను తన నిర్వచనాల సంఖ్యను సంవత్సరం, నెల, తేదీ కలిపి 2201010001 అని రాసుకుంది. దాన్ని పట్టుకోవలసిన 32 బిట్ల గడిలో 2147483647కు మించి పట్టదు. సంవత్సరం 21గా ఉన్నంతకాలం ఆ సంఖ్య గడిలో ఇమిడింది, 22 కాగానే ఇమడలేదు. ఆ రోజు మెయిళ్లు పోలేదు, ఆలస్యమయ్యాయి; పరిష్కార స్క్రిప్టు వెంటనే వచ్చింది. ఆ రెండు సంఘటనలనూ మేనేజరు గారికి పక్కపక్కన పెట్టి చెప్పండి. వీలైతే రెండో సర్వర్ కొని డేటాబేస్ అవైలబిలిటీ గ్రూప్ పెట్టించండి. అప్పుడు ఒకదానికి ప్యాచ్ వేస్తుంటే రెండోది మెయిల్ నడుపుతుంది, పట్టపగలు కూడా వేయవచ్చు.

ప్రశ్న: మాది రొయ్యల ఎగుమతి సంస్థ. కొత్త సర్వర్‌కు మారాక కొనుగోలుదారులకు పంపే ఇన్వాయిస్‌లు జీమెయిల్‌లో స్పామ్‌లోకి పోతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: కొత్త సర్వర్‌తో పాటు మీ బయటి ఐపీ చిరునామా కూడా మారి ఉంటుంది. మొదట దాని పీటీఆర్ రికార్డు చూడండి. ఆ ఐపీ నుంచి పేరుకు, పేరు నుంచి మళ్లీ అదే ఐపీకి దారి కలవాలి. ఈ రికార్డును మీ డొమైన్ ప్యానెల్‌లో పెట్టలేరు. స్టాటిక్ ఐపీ ఇచ్చిన ఇంటర్నెట్ సంస్థకు రాతపూర్వకంగా అడగాలి.

రెండోది ఎస్‌పీఎఫ్, అంటే మీ డొమైన్ పేరు మీద ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే రికార్డు. డొమైన్‌కు అది ఒక్కటే ఉండాలి. పాతదాన్ని ఉంచి పక్కన మరొకటి కలిపితే రెండూ చెల్లవు. దానిలోని డీఎన్‌ఎస్ (డొమైన్ పేర్ల పట్టిక) వెతుకులాటలు 10 దాటకూడదు. మూడోది డీకిమ్, అంటే మెయిల్ మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే డిజిటల్ సంతకం. ఎక్స్ఛేంజ్ సర్వర్‌లో ఈ సౌకర్యం స్వతహాగా లేదన్న సంగతి చాలామందికి తెలియదు. విడిగా ఒక ఏజెంట్ గాని, బయటికి వెళ్లే దారిలో ఒక మెయిల్ గేట్‌వే గాని పెట్టుకోవాలి. ఆ రెండూ కుదిరాక ఆ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో అవతలివారికి చెప్పే డీమార్క్ రికార్డును మొదట నివేదికలు మాత్రమే తెప్పించే స్థాయిలో పెట్టి, మీ పేరు మీద ఎవరెవరు మెయిల్ పంపుతున్నారో కొన్ని వారాలు చూసి, క్వారంటైన్‌కు (స్పామ్‌లో వేయడం), ఆపై రిజెక్ట్‌కు (తిరస్కరించడం) పెంచండి. 2024 ఫిబ్రవరి నుంచి, రోజుకు 5,000కు మించి మెయిళ్లు పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలని గూగుల్ నియమం పెట్టింది. తక్కువ పంపేవారికి కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటి తప్పనిసరి. మీ వ్యాపారంలో డీమార్క్ అవసరం ఇంకొక కారణం వల్ల ఎక్కువ. ఎగుమతిదారు పేరు మీద దొంగ మెయిల్ పంపి, బ్యాంకు ఖాతా మారిందని కొనుగోలుదారును నమ్మించే మోసాన్ని, మీ డొమైన్ పేరునే వాడుకున్నంతవరకు, ఇది అడ్డుకుంటుంది.

ప్రశ్న: మెయిల్ సర్వర్ లాగ్‌లను ఎన్ని రోజులు దాచాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజులు. ఎక్స్ఛేంజ్ మెసేజ్ ట్రాకింగ్ లాగ్‌లను (ఏ మెయిల్ ఎక్కడికి వెళ్లిందో రాసే లాగ్‌లను) డిఫాల్టుగా 30 రోజులే ఉంచుతుంది. ఆ ఫోల్డరు 1 జీబీకి చేరితే అంతకంటే ముందే పాతవి పోతాయి. అందువల్ల వాటినీ, విండోస్ వెబ్ సర్వర్ అయిన ఐఐఎస్ లాగ్‌లనూ రోజూ మరొక మెషీన్‌కు పంపండి. చొరబాటుదారు మొదట చెరిపేది సర్వర్ మీద ఉన్న లాగ్‌లనే కాబట్టి, చట్టం అడగకపోయినా నేను ఇదే చెప్పేవాడిని. ఆ ఆదేశాల్లోనే భద్రతా ఘటన తెలిసిన 6 గంటల్లో నివేదించాలన్న నిబంధన కూడా ఉంది. ఎవరు నివేదించాలో ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మా వద్ద 35 మందే ఉన్నారు. సొంత సర్వర్ ఉంచుకోవాలా, క్లౌడ్‌కు వెళ్లాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: క్లౌడ్‌కు వెళ్లండి. పైన విజయవాడ పాఠకుడికి రాసిన పనులన్నీ చూసుకోవడానికి ఒక మనిషి పూర్తికాలం కావాలి. 35 మంది ఉన్న సంస్థ ఆ జీతాన్ని మోయడంలో అర్థం లేదు. పైగా సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కు సర్వర్ లైసెన్సుతో పాటు వాడేవారి లైసెన్సులకు కూడా చందా గాని సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (లైసెన్సుతో పాటు తీసుకునే మైక్రోసాఫ్ట్ నిర్వహణ ఒప్పందం) గాని కొనసాగుతూ ఉండాలి కాబట్టి, ఒకసారి కొని పదేళ్లు వాడుకునే పాత లెక్క ఇక పనిచేయదు.

మారేముందు ఒక్కటి చూసుకోండి. మీ డొమైన్ పేరు ఎవరి పేరు మీద నమోదై ఉంది? ఎప్పుడో వెబ్‌సైటు చేసి ఇచ్చిన వ్యక్తి సొంత ఖాతాలో ఉంటే, అతను ఫోను ఎత్తని రోజున మీ ఎంఎక్స్ రికార్డు (మీ మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పేది) మార్చడం మీ చేతిలో ఉండదు. డొమైన్‌ను కంపెనీ పేరు మీదకు మార్పించి, ఆ ఖాతాకు ఇచ్చే ఈమెయిల్ చిరునామా అదే డొమైన్‌లోది కాకుండా వేరొకటి పెట్టి, రెండంచెల ధ్రువీకరణ అమర్చుకున్నాకనే మెయిల్‌బాక్సుల తరలింపు మొదలుపెట్టండి.